లుహాన్స్క్‌లోంచి ‘లు’ పోతే

ముందే చెప్పేస్తే నా మనసు తేలికవుతుంది: నాకు ఉక్రేనియన్ రాదు. అక్షరాలు వచ్చు, ఓ మూడు నాలుగొందల మాటలు వచ్చు, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక చిన్న కవితని ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి విప్పుకోగలను. ఆ అక్షరాలు నేర్పింది ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదివిన మా అక్క కొడుకు. వాడికి అక్కడ నోటికి అలవాటైంది రష్యన్, ఉక్రేనియన్ కాదు, ఆ ముచ్చట తర్వాత చెప్తాను. నేను చేసే పని తెలుగు కథల్ని ఇంగ్లీషులోకి తేవడం. దాన్ని పని అనొచ్చో లేదో కూడా తెలీదు, పైసలు రావు కాబట్టి. కానీ చాలా ఏళ్లుగా చేస్తున్నాను. అందుకే ఎవరైనా ఇంకో భాషలోంచి ఇంగ్లీషులోకి ఏదైనా తెచ్చారంటే ఆ పుస్తకాన్ని పక్కింటి వంట రుచి చూసినట్టు చూస్తాను, ఇక్కడ వీళ్లేం వేశారు, ఎక్కడ సర్దుకున్నారు, ఎక్కడ చేతులెత్తేశారు అని.

2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలయ్యాక ఉక్రెయిన్ కవిత్వం ఇంగ్లీషులోకి వరదలా వచ్చింది. మొన్నామధ్య ఒక చోట దాని గురించి మాట్లాడమంటే వెళ్లాను. అనువాదంలో ఏం జారిపోతోందో రెండు ఉదాహరణలు చెప్పానో లేదో, ముందు వరసలో ఒకాయన, నాకు గౌరవం ఉన్న మనిషే, లేచి “అమ్మా, అక్కడ బాంబులు పడుతుంటే నువ్వు విభక్తుల గురించి మాట్లాడతావేంటి? బాధ అర్థమైతే చాలదా?” అన్నారు. చాలామంది తలలూపారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తోచింది, నాకెప్పుడూ అంతే. ఈ పోస్టు ఆ జవాబే, కాస్త పొడుగైంది.

ఆయన అన్నారు కాబట్టి విభక్తితోనే మొదలుపెడతాను. ఉక్రేనియన్‌లో పిలుపుకి విడిగా ఒక విభక్తి ఉంది. అమ్మ అంటే ‘మామ’, అమ్మని పిలిస్తే ‘మామో’. నవ్వకండి, నేనూ మొదట నవ్వాను. నాన్న అంటే ‘తాతో’, పిలిస్తే ‘తాతు’. ఒక్సానా అనే అమ్మాయిని పిలవాలంటే ‘ఒక్సానో’ అవుతుంది. స్నేహితుడు ‘ద్రుహ్’, కేకేస్తే ‘ద్రుజే’. మనకి ఇందులో వింతేమీ లేదు. ‘అమ్మ వచ్చింది’లో అమ్మ వేరు, గుమ్మంలో నిలబడి ‘అమ్మా’ అన్నప్పటి అమ్మ వేరు, ఆ చివరి దీర్ఘంలోనే ఎదురుగా మనిషి ఉందో లేదో తెలిసిపోతుంది. రష్యన్‌లో ఇది ‘దేవుడా’, ‘ప్రభువా’ లాంటి కొన్ని మాటల్లో తప్ప దాదాపు పోయింది. సోవియట్ కాలపు వ్యాకరణాలు ఉక్రేనియన్‌లో కూడా దీనికి విభక్తి హోదా తీసేసి ఉత్త ‘పిలుపు రూపం’ అని కింద కూర్చోబెట్టాయి. అంతకన్నా మొరటు పని 1933లో జరిగింది. గట్టిగా ‘గ’ పలికే ఒక అక్షరాన్ని వర్ణమాలలోంచే పీకేశారు. అది మళ్లీ బడి పుస్తకంలోకి రావడానికి 1990 దాకా పట్టింది. అంటే ఒక అక్షరం యాభై ఏడేళ్లు ప్రవాసంలో ఉంది.

ఇంగ్లీషులో అమ్మ అన్నా అమ్మా అన్నా ఒకటే మాట, మహా అయితే పక్కన ఒక కామా. నాకిది బాగా తెలిసొచ్చిన సందర్భం ఒకటుంది. నేను అనువదించిన ఒక కథలో పాలకుర్తి వైపు పల్లెలో ఒక తల్లి మంచం మీద ఆఖరి రోజుల్లో కూతుర్ని ‘బిడ్డా’ అని మూడుసార్లు పిలుస్తుంది. మా వైపు బిడ్డా అంటే కొడుకైనా కూతురైనా, ఒక్కోసారి మనవరాలైనా, బస్సులో పక్క సీట్లో కూర్చున్న పరాయి పిల్లైనా సరే. నేను ఆ మాటని అలాగే ఉంచి పంపాను. ఇంగ్లీషు పత్రిక ఎడిటర్ మూడు చోట్లా స్వీట్‌హార్ట్ అని పెట్టి, ‘ఇప్పుడు చక్కగా పారుతోంది’ అని మెయిల్ రాశారు. పారింది, నిజమే. కాలవలో కొట్టుకుపోయినట్టు పారింది.

దీన్ని ఉక్రెయిన్‌కి పోల్చడం అతి అనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. మా పల్లె తల్లి పిలుపు పోతే కథ కొంచెం పలచబడుతుంది, అంతే. 2021 జూలైలో రష్యా అధ్యక్షుడు పుతిన్ ఒక పొడుగాటి వ్యాసం రాశాడు, రష్యన్లు ఉక్రేనియన్లు ఒకే జనం అని. ఏడు నెలలకి ట్యాంకులు వచ్చాయి. మీరు విడిగా లేరు, మీ భాష మా భాషకి ఒక యాస అని వందల ఏళ్లుగా చెప్పించుకున్న వాళ్లు కవిత్వం రాస్తుంటే, మేం వేరు అనే మాట ప్రతి పద్యంలోనూ కేకేసి చెప్పరు కదా. ‘మామో’ అని పిలుస్తారు. ఆ ఓకారంలో ఉంటుంది. అందుకే నా వాదన ఇది: ఈ కవిత్వంలో చిన్న వ్యాకరణం పోతే పోయేది అలంకారం అనుకోవద్దు, గొడవ ఏ చోట జరుగుతోందో ఆ చోటే పోతుంది. బాధ మిగులుతుంది. కానీ ఎవరి బాధో, ఏ ఊరిదో, ఏ భాషలో మూలిగారో తెలియని బాధ మిగులుతుంది, అది ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది.

ఇప్పుడు మా వాడి సంగతి. వాడు ఖార్కివ్‌లో నాలుగేళ్లు ఉన్నాడు. క్లాసులు ఇంగ్లీషులో, వార్డులో పేషెంట్లు రష్యన్‌లో. కాబట్టి వాడికి రష్యన్ పట్టుబడింది, ‘ఎక్కడ నొప్పి’, ‘ఊపిరి పీల్చండి’ దగ్గర్నుంచి కూరగాయల బేరం దాకా. వాడు అద్దెకున్న ఇంటి ఓనరమ్మ కూడా పుట్టినప్పట్నుంచీ రష్యనే మాట్లాడింది, ఖార్కివ్‌లో అది మామూలు విషయం. యుద్ధం మొదలయ్యాక వాడు మెట్రో స్టేషన్లో పడుకున్నాడు. మార్చి 1న కర్ణాటక కుర్రాడొకడు అక్కడే చనిపోయాడు. మర్నాడు మన ఎంబసీ వాళ్లు వెంటనే ఖార్కివ్ వదలండి, సాయంత్రం ఆరు లోపల పెసోచిన్, బబాయే, బెజ్ల్యుదోవ్కా చేరండి, బండి దొరక్కపోతే నడిచైనా వెళ్లండి అని ప్రకటించారు. వాడు నడిచాడు. ఎంత దూరం నడిచాడో మా అక్కకి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు.

ఆ పేర్లు రష్యన్ ఉచ్చారణలో ఉన్నాయని నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు. ఉక్రేనియన్‌లో పిసోచిన్, బబాయి, బెజ్ల్యుదివ్కా. ప్రాణాలు కాపాడే ప్రకటనలో స్పెల్లింగులు వెతకడం నా ఉద్దేశం కాదు, అప్పుడు ఆ పేర్లు అందరికీ అర్థమయ్యాయి, అది చాలు. కానీ మన పేపర్లు చూడండి, తూర్పు ఉక్రెయిన్‌లోని ఒకే ఊరి పేరు ఒకే రోజు ఒకే పేజీలో లుగాన్స్క్ అనీ లుహాన్స్క్ అనీ వస్తుంది. ‘గ’ రాస్తే మాస్కో వైపు నుంచి విన్నట్టు, ‘హ’ రాస్తే ఆ ఊరి దేశం వైపు నుంచి విన్నట్టు. ఒక్క హల్లు. మనం పనిగట్టుకుని ఏ పక్షమూ తీసుకోలేదు, వార్తా ఏజెన్సీ నుంచి ఎలా వస్తే అలా వేశాం, కానీ పక్షం దానంతటదే పడిపోయింది.

ఓనరమ్మ ఖార్కివ్ వదల్లేదు. అరవై దాటిన మనిషి, ఆ వసంతంలో ఉక్రేనియన్‌లోకి మారిపోయింది. ఇప్పుడు మా వాడికి అందులోనే మెసేజీలు పెడుతుంది. “చిన్నమ్మా, ఆమె నాకంటే ఘోరంగా రాస్తోంది, సగం రష్యన్ మాటలకి ఉక్రేనియన్ తోకలు” అన్నాడు వాడు మొదట్లో నవ్వుతూ. తర్వాత నవ్వడం మానేశాడు. తన భాష అనుకున్నదాన్ని అరవై ఏళ్లకి వదిలేసి, తన భాష కావాలనుకున్నదాన్ని తప్పులతో రాయడం అంటే ఏంటో నాకు ఊహకందదు. రచయితల్లో కూడా ఇదే జరిగింది. తూర్పున దొనెత్స్క్ వాడైన వొలొదిమిర్ రఫెయెంకో రష్యన్‌లో నవలలు రాసి పేరు తెచ్చుకుని, 2014లో ఊరు రష్యా వైపు వాళ్ల చేతుల్లోకి పోయాక ఉక్రేనియన్ నేర్చుకుని అందులో నవల రాశాడు, 2022 తర్వాత రష్యన్‌లో ఇక రాయనన్నాడు. అదే ఊరికి చెందిన ఈయా కీవా కవిత్వం కూడా ఒక భాషలోంచి ఇంకో భాషలోకి నడిచొచ్చింది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండూ ఇంగ్లీషే. ‘ఆమె అంది’, ‘అతను అన్నాడు’. ఏ భాషలో అంది? పాఠకుడికి ఆ ప్రశ్న రాదు కూడా.

ఈ గండం అన్నిటికంటే బాగా కనిపించేది సెర్హీ జదాన్ నవలలో. జదాన్ 1974లో లుహాన్స్క్ ప్రాంతంలోని స్తరొబిల్స్క్‌లో పుట్టాడు, ఖార్కివ్‌లో ఉంటాడు, కవి, పాటగాడు, 2024లో సైన్యంలో కూడా చేరాడు. 2017లో వచ్చిన అతని నవల పేరు ‘ఇంతెర్నాత్’. దొన్బాస్‌లో, అంటే లుహాన్స్క్, దొనెత్స్క్ ఉన్న తూర్పు ప్రాంతంలో, 2014లోనే మొదలైన యుద్ధం, 2015 నాటి సంగతి. పాషా అనే బడిపంతులు మూడు రోజులు ముందుకీ వెనక్కీ జరిగే ఫ్రంటు దాటుకుని వెళ్లి మేనల్లుడిని ఇంటికి తెచ్చుకుంటాడు, కథ అంతే. పాషా బళ్లో చెప్పేది ఉక్రేనియన్, క్లాసు బయట మాట్లాడేది ఆ ఊళ్లో అందరూ మాట్లాడేది. సైనికుడు ఎదురైతే ఏ భాషలో పలకాలి అన్నదే ప్రాణాల మీదికొచ్చే ప్రశ్న. రైలీ కాస్టిగన్-హ్యూమ్స్, ఐజాక్ స్టాక్‌హౌస్ వీలర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2021లో వచ్చింది, చాలా చోట్ల ముచ్చటేస్తుంది, ఆ చలీ ఆ బురదా నా గదిలోకి వచ్చాయి. కానీ పేరు? ఇంగ్లీషులో దానికి ‘ది ఆర్ఫనేజ్’ అని పెట్టారు. అనాథాశ్రమం.

ఇంతెర్నాత్ అనాథాశ్రమం కాదు. ఆ పిల్లవాడికి తల్లి ఉంది, రైళ్లలో పని చేస్తుంది, పెంచడం కుదరక అక్కడ పెట్టింది. ప్రభుత్వం నడిపే, పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి. డబ్బున్న వాళ్ల బోర్డింగ్ స్కూలు కాదు, అందుకే ఇంగ్లీషు వాళ్లు ఆ మాట వాడలేకపోయారు, వాడితే వాళ్ల పాఠకుడికి టై కట్టుకున్న పిల్లలు గుర్తొస్తారు. వాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. కానీ అనాథ అనగానే జాలి వచ్చి కూర్చుంటుంది, బాధ్యత ఎవరిదో చెప్పాల్సిన అవసరం పోతుంది. అనాథకి ఎవరూ లేరు కదా. ఈ పిల్లవాడికి అందరూ ఉన్నారు, ఎవరూ తీసుకెళ్లలేదు, నవల బరువంతా అక్కడే ఉంది. మేనమామ మూడు రోజుల నడక కూడా ఆలస్యంగా మొదలైన బాధ్యతే.

ఇది చదువుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఎందుకంటే మనకి ఆ మాట ఉంది. హాస్టల్. ‘పిల్లగాణ్ని హాస్టల్ల ఏసినం’ అంటే తెలంగాణలో ఎవరికైనా మొత్తం బొమ్మ కనిపిస్తుంది: వలస పోయిన తల్లిదండ్రులు, ఇనప పెట్టె, ఆదివారం గేటు దగ్గర ఎదురుచూపు, నీళ్ల పప్పు. జాలీ ఉంది అందులో, కానీ అనాథ లేదు. ఇంగ్లీషు అంత పెద్ద భాషకి లేని మాట, సంక్షేమ హాస్టళ్ల పుణ్యమా అని మనకి రెడీగా ఉంది. ఎవరైనా ఆ నవలని తెలుగులోకి తెస్తే, దయచేసి ఇంగ్లీషు అట్ట చూసి ‘అనాథాశ్రమం’ అని పెట్టకండి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఈ వ్యాసం రాశానన్నా తప్పు లేదు.

అసలు ఉక్రెయిన్‌లో అనువాదం అంటే మనం అనుకునే నిమ్మళమైన వ్యాపకం కాదు. 1863లో రష్యా మంత్రి వలుయెవ్ రహస్య ఉత్తర్వు ఇచ్చి, బడి పుస్తకాలూ మత గ్రంథాలూ ఉక్రేనియన్‌లో అచ్చు కాకుండా ఆపాడు. 1876లో జార్ చక్రవర్తి ఎమ్స్ అనే జర్మన్ ఊళ్లో విశ్రాంతి తీసుకుంటూ ఇంకో ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు, అందులో నిషేధాల జాబితాలో అనువాదాలు కూడా ఉన్నాయి. అనువాదం అంత ప్రమాదం ఎందుకంటే, ఒక భాషలోకి లాటిన్ మహాకవి వర్జిల్ వచ్చేశాడంటే ఇక దాన్ని పల్లెటూరి యాస అనడం కష్టం. మికోలా జెరోవ్ చేసింది ఆ పనే. లాటిన్ కవుల్ని తెచ్చినవాడు, సోలోవ్కీ దీవుల్లోని కారాగారంలో కూర్చుని వర్జిల్ కావ్యం ఈనియడ్‌ని అనువదించాడు. 1937 నవంబర్ 3న సందర్మోహ్ అడవిలో కాల్చి చంపారు. ఆ ఈనియడ్ రాతప్రతి దొరకలేదు. స్టాలిన్ కాలంలో అలా పోయిన రచయితల తరాన్ని ‘కాల్చేసిన పునరుజ్జీవనం’ అంటారు. కవి వసిల్ స్తూస్ 1985లో సోవియట్ లేబర్ క్యాంపులో పోయాడు, అతనూ జర్మన్ భాషా కవులు గోథే, రిల్కేలను అనువదించినవాడే. ఇక మన రోజుల్లోకి వస్తే, 2024 మే 23న ఖార్కివ్‌లోని పెద్ద అచ్చు యంత్రశాల మీద క్షిపణులు పడి ఏడుగురు పనివాళ్లు చనిపోయారు, వేల పుస్తకాలు కాలిపోయాయి. విభక్తుల గురించి మాట్లాడతావేంటి అన్న పెద్దాయనకి ఇదంతా అప్పుడు గుర్తుచేయాల్సింది.

యుద్ధం కొత్త మాటల్ని కూడా పుట్టించింది, వాటి అనువాదం ఇంకో తలనొప్పి. రష్యా వైపు వార్తల్లో పేలుడు అనే మాట రాయకుండా ‘హ్లపోక్’ అని రాసేవాళ్లు, ఢాం అని చిన్న చప్పుడు. అదే అక్షరాలని ఒత్తు మార్చి ‘హ్లోపక్’ అని చదివితే పత్తి. ఎక్కడో మెషిన్ అనువాదం దాన్ని ఉక్రేనియన్‌లో ‘బవోవ్నా’ చేసింది, అంటే నిఖార్సైన పత్తి. జనానికి అది తెగ నచ్చేసి, అప్పట్నుంచీ శత్రువు డిపోలో ఏదైనా పేలితే ‘పత్తి పూసింది’ అన్నట్టు మాట్లాడుకుంటారు. తప్పుడు అనువాదమే జోకు, ఆ జోకే ఆయుధం. దీన్ని ఇంగ్లీషు కవితలో ఎలా పెడతారు? కాటన్ అంటే చొక్కా గుర్తొస్తుంది. పత్తి ధర పడిపోతే పురుగుమందు డబ్బా వైపు చూసిన ఇళ్లున్న ప్రాంతం మాది, మాకు పత్తి అంటే గుర్తొచ్చేది వేరు. ఇంకా ‘త్రివోహ’ ఉంది, దానికి రెండర్థాలు: మనసులో ఆందోళన, ఊళ్లో మోగే సైరన్ హెచ్చరిక. ‘రాత్రంతా త్రివోహ’ అంటే సైరనా, టెన్షనా? రెండూ. చనిపోయిన సైనికుడు ‘రెండొందలు’, గాయపడినవాడు ‘మూడొందలు’. ఫ్రంటు నుంచి రోజూ వచ్చే ఒక ‘ప్లస్’ గుర్తు, అంటే బతికే ఉన్నాను. ల్వివ్ కవి ఓస్తాప్ స్లివిన్‌స్కీ రైల్వే స్టేషన్లో శరణార్థులకి సాయం చేస్తూ, వాళ్ల కబుర్లలో మామూలు మాటల అర్థాలు ఎలా మారిపోయాయో వింటూ ఒక యుద్ధ నిఘంటువే కూర్చాడు.

మక్సిమ్ క్రివ్‌త్సోవ్ అనే కవి 2024 జనవరి 7న ఫ్రంటులో చనిపోయాడు, 33 ఏళ్లు, అతనితో పాటు అతని పిల్లి కూడా. పోయే కొద్ది రోజుల ముందు ఫేస్‌బుక్‌లో పెట్టిన కవితలో తన తల ఒక ‘పొసాద్కా’ నుంచి ఇంకో పొసాద్కాకి బంతిలా దొర్లుతుంది. పొసాద్కా అంటే నాటినది. తూర్పు ఉక్రెయిన్ అంతా చదును, పొలాలకి గాలి తగలకుండా సోవియట్ రోజుల్లో చెట్లు వరసలుగా నాటారు. ఇప్పుడు ఆ మైదానంలో దాక్కోవడానికి అదొక్కటే చాటు, అందుకే కందకాలన్నీ అక్కడే, చావులన్నీ అక్కడే, యుద్ధం ఒక చెట్ల వరస నుంచి ఇంకో చెట్ల వరసకి జరుగుతుంది. ఇంగ్లీషులో గ్రోవ్ అని పెడితే పిక్నిక్‌కి వెళ్లినట్టుంటుంది, చెట్టు నుంచి చెట్టుకి అంటే కోతి గుర్తొస్తుంది. తెలుగులో ‘తోపు’ ఉంది కదా. మన కోస్తాలో తుఫాను గాలికి అడ్డంగా నాటిన సరుగుడు తోపులు అచ్చం అవే. తోపు నుంచి తోపుకి దొర్లింది నా తల. ఉర్దూలో తోప్ అంటే ఫిరంగి అన్నది గుర్తొస్తే వెన్ను జలదరిస్తుంది, అది నేను కలిపిందే తప్ప అతను కలిపింది కాదు.

ఇంగ్లీషు అనువాదకుల్ని తిట్టడానికి కూర్చున్నాననుకునేరు. వాళ్లలో చాలామంది ఏం చేశారో నాకు తెలుసు. 2022 మార్చిలో ఒక కవి బంకర్లోంచి ఫేస్‌బుక్‌లో పొద్దున పెట్టిన కవిత సాయంత్రానికి ఇంగ్లీషులో ఉండేది. ఆ అనువాదాలు గరుకుగా ఉన్నాయా? ఉన్నాయి. ఆగి నగిషీ చెక్కితే ఎవరికి లాభం? ఒక్సానా మక్సిమ్‌చుక్, మాక్స్ రొసోచిన్‌స్కీ 2017లోనే, అంటే మిగతా ప్రపంచానికి ఈ యుద్ధం ఉందని కూడా పట్టని రోజుల్లోనే, ‘వర్డ్స్ ఫర్ వార్’ అని యుద్ధ కవితల సంకలనం తెచ్చారు. ఉక్రెయిన్‌లో ఇప్పుడు చాలామంది రష్యా పేరుని చిన్న అక్షరంతో రాస్తున్నారు, కావాలనే. ఇంగ్లీషు ఆ అవమానాన్ని అచ్చంగా అందుకోగలదు, ఎడిటర్ అచ్చుతప్పు అనుకుని దిద్దకపోతే. మనకైతే పెద్ద చిన్న అక్షరాలే లేవు, తెలుగులో ఆ తిట్టు తిట్టలేం. కాబట్టి ప్రతి భాషకీ ఒక చేయి ఉండి ఇంకో చేయి ఉండదు, ఒప్పుకుంటాను.

నా గొడవ పుస్తకాల సంతతో. క్షిపణి పడితేనే కవి కనిపిస్తున్నాడు. హలీనా క్రుక్ యుద్ధానికి ముందు కూడా కవే, మధ్యయుగ సాహిత్యం పాఠాలు చెప్పే మనిషి. ఆమె 2022 జూన్‌లో బెర్లిన్ కవిత్వోత్సవంలో, కవిత్వానికి చంపే శక్తి లేదు, అందుకు విచారిస్తున్నానని అంటే హాలంతా ఇబ్బందిగా కదిలింది అని నేను ఊహించుకుంటాను, ఎందుకంటే కవి నోట మనం వినాలనుకునేది అది కాదు. మనకి కావలసింది ఓదార్చదగ్గ కవి. కోపం ఉన్న కవి, ప్రేమ కవితలు రాసే కవి, ట్రాము గురించి తమాషా చేసే కవి ఇంగ్లీషు అట్ట మీదికి రావడం కష్టం. మన దళిత కథల్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లేటప్పుడు కూడా ఇదే చూశాను, వెక్కిరింపు ఉన్న కథ వెనక్కొస్తుంది, ఏడుపున్న కథ అచ్చవుతుంది.

వీటన్నిటి మధ్య నాకు దారి చూపించినట్టు అనిపించిన పుస్తకం విక్టోరియా అమెలినాది. నవలాకారిణి. యుద్ధం వచ్చాక నవల ఆపి యుద్ధ నేరాలు నమోదు చేసే పనిలో చేరింది. 2022 సెప్టెంబర్లో ఇజ్యూమ్ దగ్గరి కపితోలివ్కాలో, రష్యన్ సైనికులు ఎత్తుకెళ్లి చంపిన పిల్లల రచయిత వొలొదిమిర్ వకులెంకో డైరీని, అతని తండ్రితో కలిసి తోటలో చెర్రీ చెట్టు కింద తవ్వి తీసింది. 2023 జూన్ 27న క్రమతోర్స్క్‌లో ఆమె భోజనం చేస్తున్న హోటల్ మీద క్షిపణి పడింది, జూలై 1న చనిపోయింది. అప్పటికి, యుద్ధాన్ని నమోదు చేస్తున్న ఆడవాళ్ల గురించి ఒక పుస్తకం రాస్తోంది, నేరుగా ఇంగ్లీషులో. సగం పైచిలుకు అయింది. 2025లో దాన్ని వేసినవాళ్లు ఖాళీల్ని పూడ్చలేదు. ఆగిపోయిన వాక్యం ఆగిపోయినట్టే ఉంది, తర్వాత రాద్దామని ఆమె వేసుకున్న గుర్తులు గుర్తుల్లాగే ఉన్నాయి. చదువుతుంటే కాలికి తగులుతాయి. దానికి బ్రిటన్‌లో రాజకీయ రచనలకిచ్చే ఆర్వెల్ బహుమతి వచ్చింది. అంటే ఇంగ్లీషు పాఠకుడు గతుకుల్ని భరించలేడన్నది ఉత్త మాట. మనమే వాడి తరఫున భయపడుతున్నాం.

ఇంత దూరంలో ఉన్న మనకెందుకు ఇదంతా అంటే, మనకి అన్నీ ఇంగ్లీషు కూడలి మీదుగానే వస్తాయి కాబట్టి. ఒకప్పుడు మాస్కో నుంచి నున్నటి కాయితం మీద అచ్చయిన తెలుగు పుస్తకాలు వచ్చేవి, మా ఇంట్లో ఒక ట్రంకు నిండా ఉండేవి, వాటి రుణం తీరదు. కానీ అవన్నీ మనకి ‘రష్యన్ పుస్తకాలు’. రష్యన్ రచయిత అనుకున్న గొగోల్ పుట్టింది ఉక్రెయిన్‌లో, పొల్తావా ప్రాంతంలోని సొరోచింత్సిలో అనీ, ఆ తొలి కథల్లోని సంతలూ పాటలూ దయ్యాలూ ఉక్రెయిన్‌వనీ నాకు నలభై ఏళ్లొచ్చే దాకా తెలీదు. ఆ రోజు కూడలి మాస్కో, ఈ రోజు కూడలి లండన్, న్యూయార్క్. అక్కడ ‘మామో’ని ‘మదర్’ చేస్తే ఇక్కడికొచ్చేసరికి ‘మాతా’ అవుతుంది, చూశాను నేను, ఒక తెలుగు పత్రికలో.

చివరగా నా ల్యాప్‌టాప్‌లో రెండేళ్లుగా పూర్తికాని ఫైలు గురించి. లూబా యకిమ్‌చుక్ లుహాన్స్క్ ప్రాంతంలోని పెర్వొమాయ్‌స్క్ పిల్ల. ఆమె ‘కుళ్లిపోవడం’ అని ఒక కవిత రాసింది, ఆ మాటకి ఉక్రేనియన్‌లో విడిపోవడం, ముక్కలవడం అని కూడా అర్థం. అందులో బాంబులు పడి ఊళ్ల పేర్లే విరిగిపోతాయి. లుహాన్స్క్‌లో ‘లు’ నేలమట్టమై ‘హాన్స్క్’ మిగులుతుంది. పెర్వొమాయ్‌స్క్ రెండు ముక్కలవుతుంది. చివరికి తన పేరు కూడా: తను ముసలిదైపోయింది, లూబా పోయి ‘బా’ మిగిలింది. ఇంగ్లీషులో మక్సిమ్‌చుక్, రొసోచిన్‌స్కీ ఆ విరుపుల్ని భద్రంగా దాటించారు. కానీ ఉక్రేనియన్‌లో ‘బా’ అంటే ‘బాబా’ వినిపిస్తుంది, అంటే నానమ్మ, ముసలమ్మ. ఇంగ్లీషులో బా అంటే గొర్రెపిల్ల అరుపు.

తెలుగులో బా అనగానే బామ్మ. మా వైపు బామ్మ అనరు, అయినా అందరికీ తెలుసు. నేను కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను ఆ రోజు. తర్వాత ‘హాన్స్క్’ దగ్గర ఇంకోటి దొరికింది: దాని చివర పొల్లు. మన పాత వ్యాకరణాల్లో అచ్చులకి ప్రాణాలని పేరు. అచ్చు లేని ఆ ‘క్’ ప్రాణం పోయిన అక్షరం, ఊరి పేరు చివర వేలాడుతూ. ఇక ‘లు’. నేలమట్టమైన ‘లు’. చెట్లు, ఇళ్లు, పిల్లలు, మేడిచెట్టు మీద పిట్టలు, మన భాషలో ఒకటి కంటే ఎక్కువ ఉన్న ప్రతిదాని చివరా ఉండే ‘లు’. ఊరిలోంచి బహువచనం కూలిపోయింది.

ఇది కవయిత్రి పెట్టింది కాదు. ఆమెకి తెలుగు అనే భాష ఉందని తెలిసే అవకాశం తక్కువ. మరి దీన్ని వాడుకోవచ్చా? ఇంగ్లీషు ఎడిటర్ స్వీట్‌హార్ట్ పెడితే మండిపడ్డ నేను, ఆమె కవితలోకి మన బహువచనాన్ని చేరవేస్తే అది దొంగతనం కాదా? ఒక ప్రతిలో ‘పిల్ల, ఇల్లు, చెట్టు మిగిలాయి’ అని ఒక పాదం కలిపాను, ఇంకో ప్రతిలో ఏమీ కలపకుండా లు పడిపోయిందని మాత్రం రాసి వదిలేశాను, చదివేవాడికి తట్టితే తడుతుందని. రెండు ప్రతులూ అలాగే ఉన్నాయి. ఒక వారం ఒకటి నచ్చుతుంది, ఇంకో వారం ఇంకోటి.

పోయిన నెల మా వాడితో ఈ గోల చెప్పుకుంటే, వాడు ఊరికే ఉండక ఖార్కివ్ ఓనరమ్మకి రాశాడు, మా చిన్నమ్మ ఇలా అంటోంది, మా భాషలో ‘లు’ అంటే చాలా అని అర్థం అని. ఆమె రాత్రి పదకొండింటికి జవాబిచ్చింది, అప్పుడే సైరన్ ఆగిందట. “అయితే ఇప్పుడు ఒక్కటే మిగిలిందా?” అని. అంత చిన్న వాక్యంలో రెండు తప్పులున్నాయి, వాడు దిద్దకుండానే నాకు పంపాడు.